గుండెకు మంచి ఉప్పు

పొద్దున్న అమ్మ మంచం దిగబోతే కాళ్లు లేవలేదు. ఆసుపత్రికి తీసుకొస్తే, గుండె పరీక్ష కాగితం చూసిన డాక్టరమ్మ మొహం మారిపోయింది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

“రక్తంలో పొటాషియం బాగా పెరిగింది. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతున్నాయి. ఇలాగే ఉంటే గుండె ఆగిపోవచ్చు. తిండిలో ఏం మార్చారు?”

“ఏమీ మార్చలేదండీ!” నాకు ఒళ్లు మండింది. అమ్మ కిడ్నీలు దెబ్బతిన్న ఈ రెండేళ్లుగా మా ఇంట్లో పథ్యమంటే పథ్యమే. పొటాషియం పోవాలని కూరముక్కలు ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే వంట. నాన్న వాచీలు బాగుచేసే మనిషి, అన్నం కూడా తూకం వేసి పెడతారు.

“ఉప్పో?”

“అదీ తగ్గించాం. ఈమధ్య నాన్న సోడియం తక్కువుండే ఉప్పు తెచ్చారు. గుండెకు మంచిదట...”

డాక్టరమ్మ రాయడం ఆపేసింది. “సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారమ్మా. వేరేవాళ్లకు మేలేమోగానీ, ఈమెకు విషం.”

అమ్మకు మందులు ఎక్కుతున్నాయి. మంచం పక్కన గుండె కొట్టుకోవడం చూపే తెర మీద గీత కాస్త తడబడితే చాలు, అమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. భయం.

అమ్మ కళ్లు తెరిచింది. “అంతా విన్నానే. మీ నాన్నకి చెప్పకు. ఆ మనిషి తట్టుకోలేడు.”

“ఊరుకో అమ్మా! ప్రాణం మీదికొచ్చినా ఆయన్నే వెనకేసుకొస్తావు.”

ఇంతలో నాన్న క్యారియర్‌తో రానే వచ్చారు. “ఇక్కడి తిండి నీకేం సయిస్తుంది? నేనే వండుకొచ్చాను, రెండు ముద్దలు తిను” అంటూ చెంచా నింపి అమ్మ నోటి దగ్గర పెట్టారు.

అమ్మ నోరు తెరిచింది. అన్నీ తెలిసి, ఆయన నొచ్చుకుంటారని నోరు తెరిచింది!

“నాకివ్వండి నాన్నా, ఆకలితో చస్తున్నా” అని చెంచా, గిన్నె లాక్కున్నాను. నిలబడే అంతా తినేశాను. నా కిడ్నీలు బాగానే ఉన్నాయని తెలుసు.

నాన్న బిత్తరపోయి చూశారు. “సర్లే, ఎవరు తింటే ఏం. ఉప్పు సరిపోయిందా?”

“సరిపోయింది.”

ఆయన మొహం విప్పారింది. “అయితే సాయంత్రం మీ అమ్మకి మళ్లీ చేసుకొస్తాను” అంటూ క్యారియర్ సర్దుకుని లేచారు.

వద్దన్నట్టు అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఒక్కో వేలూ విడిపించుకున్నాను.

“నాన్నా, వెళ్లకండి. ఇలా కూర్చోండి.”