చివరి గడిలో మూడు

పొద్దున తొమ్మిదింటికి భాషా పరీక్ష గది తలుపు తీయగానే, మార్కులు వేసే మేడం చేసే మొదటి పని, మార్కుల కాగితాలు ఇరవై ముందేసుకుని అన్నింట్లోనూ చివరి గడిలో మూడు వేసెయ్యడం. పై నాలుగు గళ్లూ ఉచ్చారణ, వ్యాకరణం, ధారాళత, హావభావాలు. ఆఖరుది 'విన్నవారికి చేరిందా?' అని. గడికి ఐదు మార్కులు. చేరిందో లేదో ఎవడిక్కావాలి, మూడు వేస్తే పైవాళ్లు అడగరు. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు.

ఆ తర్వాత ఈగలు మొదలవుతాయి. బట్టీ పట్టిన మాట నోట్లోంచి ఈగై వస్తుంది కదా, ఆ రోజూ అంతే. కొత్త భాష నేర్చుకోడానికి వచ్చిన జనానికి కోచింగ్ సెంటర్ వాడు ఒకటే ప్రసంగం రుద్ది పంపుతాడు: మరపురాని ప్రయాణం, పచ్చని కొండ, గలగల పారే సెలయేరు. పదకొండయ్యేసరికి తొమ్మిది మంది అదే కొండ ఎక్కి దిగారు. చిరునవ్వు చెదరనివ్వరు, చేతులు తిప్పుతారు, పెదాల మీంచి ఈగల్ని వదులుతారు. కిటికీ అద్దం నల్లబడింది. ఊడ్చే ఆవిడ ఈగల కర్రతో కొడుతూ, చేటలోకి ఎత్తుతూ ఉంది. కాగితంలో ఈగలకు గడి లేదు కనుక, తడబడకుండా అప్పజెప్పిన ప్రతివాడికీ మేడం ఇరవై పైనే వేస్తూ పోయింది. ఛీ, ఇదీ ఒక ఉద్యోగమేనా అని తొమ్మిదిసార్లు అనుకుంది.

పదో మనిషి ఆసుపత్రి ఆయా. నలభై దాటాయి. ఇది మూడోసారి రావడం. ఈసారి పన్నెండు మార్కులు రాకపోతే సోమవారం నుంచి పనిలోకి రానివ్వరు. ఆ సంగతి దరఖాస్తు మీదే రాసి ఉంది.

"మొదలుపెట్టండి," అంది మేడం.

"నా మరపురాని ప్రయాణం," అంది ఆయా. మూడు ఈగలు వచ్చాయి. "పచ్చని..." ఇంకొకటి. అంతే, మిగతాదంతా మర్చిపోయింది. ఇంతలో ఆ నాలుగోది వెళ్లి మేడం టీ గ్లాసు అంచున వాలింది. ఆయా ఎవరినీ అడగలేదు, చేతిలో ఉన్న, అంశం రాసిన కార్డు తీసుకెళ్లి గ్లాసు మీద మూత పెట్టింది. వార్డులో అలవాటు మరి.

"మా వార్డు తాత," అంది, ఒక్కో మాటా వెతుక్కుంటూ. "చెయ్యి కదలదు. ఈగ... నోటి మీద. ఆయన చూస్తాడు. తోలడం రాదు. నేను తోలుతాను, పగలంతా. ఒక రోజు నేను లేటు. కన్ను మీద... మూడు. ఆయన తిట్టలేదు. తిట్టడానికి కూడా... నోరు లేదు."

ఒక్క ఈగ కూడా రాలేదు. ఊడ్చే ఆవిడ కర్ర దించి నిలబడిపోయింది.

మేడం లెక్క వేసింది. ఉచ్చారణ రెండు, వ్యాకరణం ఒకటి, ధారాళత రెండు, హావభావాలు మూడు. కింద ఎటూ మూడు ఉంది. మొత్తం పదకొండు. పాపం, ఒక్కటి తగ్గింది, నేనేం చెయ్యను అనుకుని, ఫలితం ముఖం మీదే చెప్పాలన్న నియమం ప్రకారం చెప్పేసింది. "మీ ప్రయత్నం అభినందనీయం. మీకు ఇంకా సాధన అవసరం."

మేడం పెదవి మీద ఏదో పాకింది. చేత్తో తుడుచుకుంటే తడితడిగా, బొటనవేలి గోరంత ఈగ. నాలుక కింద ఇంకోటి కదులుతోంది. రుమాల్లోకి ఉమ్మింది.

"ఎక్కణ్ణుంచి వచ్చాయివి?"

"మీ నోట్లోంచే మేడం," అంది ఊడ్చే ఆవిడ. "ఆ మాట అన్నప్పుడల్లా వస్తాయిగా. రోజూ ఎత్తిపోస్తూనే ఉన్నాను. వాళ్లవాటికంటే మీవే లావు."

మేడం రుమాలు మడిచి మళ్లీ పెదాలు తుడుచుకుంది. ఇరవై రెండేళ్లు ఈ నోటితోనే అన్నం తింది. నిన్న సాయంత్రం ఈ నోటితోనే మనవరాలి బుగ్గ మీద ముద్దు పెట్టింది.

కాగితం కేసి చూసింది. విన్నవారికి చేరిందా? ఆ వాక్యాన్ని పూర్తిగా చదవడం అదే మొదలు. మూడు కొట్టేసి ఐదు వేసింది, పక్కన సంతకం పెట్టింది. పదమూడు.

ఇప్పుడు అది చెప్పాలి. తెలిసిన వాక్యాలు ఒక్కటీ పనికిరాలేదు. "మీరు..." అని ఆగింది. "సోమవారం..." మళ్లీ మాట దొరకలేదు.

"తాత దగ్గరికి... వెళ్లండి. లేటు చెయ్యకండి."

ఊడ్చే ఆవిడ కర్ర ఎత్తి పట్టుకుని కాసేపు చూసింది. ఒక్క ఈగా రాలేదు.