నేను ముట్టని కుండ

“ముట్టయినవ్ కద, రంజన్ దిక్కు పోకు. మూడు దినాలైనంక తోముదువు.” మా అత్తమ్మ రాజమణి ఈ మాట ప్రతి నెలా చెప్తుంది, నేనెక్కడ మర్చిపోతానో అన్నట్టు. మిగతా రోజులన్నీ రంజన్‌ను, అంటే మేం తాగే నీళ్ల మట్టికుండను, తోమేది, నింపేది, మూతపెట్టేది నేనే. ఆ మూడు రోజులు మాత్రం దాన్ని ఎవరూ కడగరు. నా చెయ్యి తగలకపోతే చాలు, ఇల్లు శుద్ధిగా ఉన్నట్టే.

నల్లా నుంచి గ్లాసు దాకా వచ్చేలోపు నీళ్లలో రోగాల క్రిములు ఎక్కడ చేరతాయో వెతకడం నా ఉద్యోగం. ఒక కాలేజీ ప్రాజెక్టులో జీతానికి చేస్తున్నాను. మెదక్‌లో నలభై ఇళ్లు తిరిగాను. “నీళ్లల్ల పురుగులు లెక్కవెట్టుడు గూడ నౌకరేనా?” అని నా మొగుడు ప్రశాంత్ నలుగురిలో నవ్వుతాడు. శనివారం మా నాలుగేళ్ల కృతికకు వాంతులు, విరేచనాలు పట్టుకుని దవాఖానలో సెలైన్ ఎక్కిస్తుంటే మాత్రం నవ్వలేదు. “ఊరి రోగాలన్ని కొంగుకు కట్టుకొచ్చి పోరికి అంటవెట్టింది,” అంది అత్తమ్మ, నర్సు వింటుండగానే. “సోమవారం పోయి రిజైన్ లెటర్ ఇచ్చి రా. బిడ్డ కన్న ఎక్కువనా గా సీసాలు?” అన్నాడు ప్రశాంత్. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, నేనే అంటించానని ఒక్క క్షణం నేనూ నమ్మాను.

ఆ శనివారం నా ముట్టుకు మూడో రోజు. సాయంత్రం బిడ్డతో ఇంటికి రాగానే రెండు పరీక్ష సీసాలు తీశాను. ఒకదాంట్లో నల్లా నీళ్లు పట్టాను. రెండోది అత్తమ్మ ముందుపెట్టి, “నేను ముట్టొద్దు కద, రంజన్ల నీళ్లు మీరే పొయ్యుండ్రి,” అన్నాను. గొణుక్కుంటూనే గ్లాసుతో ముంచి పోసింది. చెయ్యి మణికట్టు దాకా మునిగింది.

సోమవారం పొద్దున చూస్తే నల్లా నీళ్ల సీసా రంగు మారలేదు. రంజన్ నీళ్లది కాటుకలా నల్లబడింది. రెండూ తెచ్చి టిఫిన్ ప్లేట్ల మధ్య పెట్టాను. మలంలో ఉండే క్రిములు చేరితే సీసాలోని మందుకు నీళ్లు ఇలా నల్లబడతాయని, కృతిక ఆ మూడు రోజులూ తాగింది ఇవేనని చెప్పాను.

“నువ్వే ఏమన్న కలిపినవేమో,” అన్నాడు ప్రశాంత్, ఉప్మా నములుతూ.

అత్తమ్మ సీసా వైపు చూడనైనా లేదు. “దినాలు మొన్ననే అయిపోయినయ్ కద. లేచి రంజన్ తోము.”

కాచిన నీళ్ల బాటిల్ బ్యాగులో వేసుకున్నాను. కృతికను చంకనెత్తుకుని, డ్యూటీకి పోవడానికి చెప్పులేసుకున్నాను.

“మూడు దినాలే ఎందుకత్తమ్మా?” అన్నాను గడప దాటుతూ. “ఇగ నెలంత ముట్ట.”