నవ్వొద్దన్న భీమయ్య

కోడేరులో భీమయ్య ఫోటో స్టూడియో తెరిచి నలభై ఏడేళ్లయింది. ఇన్నేళ్లలో ఆయన ఆరు కెమెరాలు మార్చాడు. రీలు కెమెరా పోయి కార్డు కెమెరా వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల అందరికంటే ముందు కొన్నది తానేనని చెప్పుకుంటాడు. "కాలం ఎటు పోతే అటు పోయిన. మార్పంటే నాకు భయం లేదు" అని పాస్‌పోర్ట్ ఫోటో కోసం వచ్చిన వాళ్లకు కూడా చెప్పి పంపేవాడు.

మారనిది ఒకటే. కెమెరా వెనక నిలబడగానే ఆయన నోటి నుంచి వచ్చే మాట.

"కదలొద్దు. నవ్వొద్దు. ఊపిరి పట్టు."

ఎవరైనా నవ్వితే మీట మీది వేలు తీసి, ఆ నవ్వు పోయేదాకా ఆగేవాడు. రీలును ఆచితూచి వాడిన రోజుల్లో పట్టుకున్న అలవాటు. కోడేరులో ఏ గోడ మీద చూసినా పెళ్లికొడుకులు బోనులో నిలబడ్డట్టే ఉంటారు.

రుక్కమ్మ పెళ్లికి ఫోటోలు తీసింది భీమయ్యే. ఆమె కొడుకు రవి పెళ్లికి తీసిందీ ఆయనే. ఇప్పుడు మనవరాలు శ్రీవాణి పెళ్లి కూడా ఆయనకే ఇవ్వాలని ఆమె పట్టుబట్టింది. పెళ్లికి ముందు జంటగా దిగే ఫోటోల కోసం భీమయ్య శ్రీవాణినీ, పెళ్లికొడుకు అరుణ్‌నూ స్టూడియోలో నీలం తెర ముందు నిలబెట్టి ఊపిరి పట్టించాడు. అందులో ఒకటి ఎంచి, చుట్టూ బంతిపూలు వేయించి, ఫ్లెక్సీ చేయించాడు. రవి దాన్ని బస్టాండు దగ్గర కట్టించాడు.

పెళ్లి నాలుగు రోజులుందనగా రుక్కమ్మ చెల్లెలు తిమ్మమ్మ వడ్డేపల్లి నుంచి వచ్చి బస్సు దిగింది. ఆమెకు చదువు రాదు. ఫ్లెక్సీ మీద మనవరాలు, పక్కన పిల్లగాడు, ఇద్దరి మొహాల్లో చలనం లేదు, చుట్టూ పూలు. తిమ్మమ్మ సంచీ అక్కడే పడేసి నెత్తి కొట్టుకుంటూ బజారు పట్టింది.

"ఇద్దరొక్కపారే పోతిరా బిడ్డా!"

దారిలో ఇద్దరు ఆడవాళ్లు, పోయింది ఎవరో తెలియకపోయినా, మర్యాద కోసం ఏడుస్తూ ఆమె వెంట నడిచారు. తలుపు తీసింది శ్రీవాణి. తిమ్మమ్మ కేకకు కొట్టంలో బర్రె తలుగు తెంపుకుంది.

గంట తిరక్కుండా రుక్కమ్మ స్టూడియోకు వచ్చింది.

"ఏందన్నా గిది? గవి పెండ్లి ఫోటోలా, దినాల ఫోటోలా? బతికున్న పోరగాండ్లను సంపి బస్టాండుల నిలవెడితివి."

"ఫోటో సాఫ్‌గ వచ్చింది గద చెల్లె."

"పీనిగె గూడ సాఫ్‌గనే పంటది. మా రవి నాగర్‌కర్నూల్ నుంచి వేరేటోళ్లను పిలుస్తనంటుండు. నేనే జర ఆగుమన్న. రేపు మళ్ల తియ్యి. గదిగూడ గిట్లనే వస్తే, పెండ్లికి కెమెరా తేకు. ఉత్తగొచ్చి అక్షింతలేసి పో."

రుక్కమ్మ ఇంట్లో వద్దన్న వాణ్ణి కోడేరులో మరో ఇంటివాళ్లు పిలవరు. భీమయ్యకు ఆ సంగతి తెలుసు. ఆ సాయంత్రం స్టూడియో అద్దం ముందు నిలబడి "నవ్వండి" అనే మాటను నాలుగుసార్లు అని చూశాడు. నాలుగుసార్లూ బెదిరించినట్టే వినిపించింది.

మరునాడు పొద్దున రుక్కమ్మ వాళ్ల పల్లీ చేనులో జంటను నిలబెట్టారు. తిమ్మమ్మ గట్టు మీద కూర్చుంది. రుక్కమ్మ, రవి భీమయ్య వెనక నిలబడ్డారు.

"నవ్వండి" అన్నాడు భీమయ్య.

ఇద్దరూ పళ్లు చూపించారు.

"నిన్న నోరు మూసుకొని సచ్చిండ్రు, ఇయ్యాల నోరు తెరుసుకొని సచ్చిండ్రు" అంది తిమ్మమ్మ.

భీమయ్య ఒక జోకు చెప్పాడు. అరుణ్ మర్యాదగా "అయిపోయిందా తాతా?" అని అడిగాడు. భీమయ్య కెమెరా పక్కకు జరిపాడు, వంగాడు, నడుము పట్టుకున్నాడు. ఎండ ముదిరింది. రవి ఫోన్ తీసి నాగర్‌కర్నూల్ వాళ్ల నంబరు వెతకసాగాడు. అది చూసి భీమయ్యకు చెమట పట్టింది, చెమటతోపాటు కోపం, కోపంతోపాటు పాత మాట వచ్చాయి.

"కదలొద్దు! నవ్వొద్దు! మీరు నవ్వితే మీ చిన్నవ్వ ఏడ్సిన ఏడుపంత దండగైతది!"

శ్రీవాణి ముందు పెదవి కొరుక్కుంది. తరవాత ఆపుకోలేకపోయింది. అరుణ్ ఆమె భుజం పట్టుకుని వంగిపోయాడు. భీమయ్య అలవాటుగా మీట మీది వేలు తీశాడు. నవ్వు పోయేదాకా ఆగాలి.

"ఇంకా దేనికి ఆగుతున్నవ్?" వెనక నుంచి రుక్కమ్మ అరిచింది. "నా పెండ్లిల గూడ గిట్లనే ఆగితివి. నా మొగడు పెండ్లిపీటల మీద ఒక్కపారే నవ్విండు, గది గూడ నువ్వు తియ్యలే! నొక్కన్నా!"

భీమయ్య నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "నవ్వొద్దంటే ఇనరా?" అని అరిచి, నవ్వు పెరగగానే ఇంకోసారి నొక్కాడు. రవి వచ్చి కెమెరా తెరలోకి తొంగి చూశాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

పెళ్లిలో భీమయ్య పంతులుతో సహా అందరికీ నవ్వొద్దని చెప్పాడు. అప్పగింతలు అయ్యాక తిమ్మమ్మ కుర్చీ లాక్కుని ఆయన ఎదుట కూర్చుంది.

"నాకొకటి తియ్యి. నేను పోయినంక దండేసి గోడకు పెట్టనీకి."

"కదలొద్దు. నవ్వొద్దు."

తిమ్మమ్మకు పళ్లు మూడే ఉన్నాయి. మూడూ బయటికి వచ్చాయి. భీమయ్య వేలు ఆగింది.

"గిట్లొస్తే ఎట్ల తిమ్మమ్మా? ఏడ్వనీకి వచ్చినోళ్లు దీన్ని సూసి పెండ్లనుకుంటరు."

"అనుకోనీ. నేను ఏడ్సింది సాలదా?"

భీమయ్య నొక్కాడు.