ఆరని లప్పం

మామ అన్నం ముట్టి నాలుగు రోజులైంది. గిటార్ మీద లప్పం ఇంకా ఆరలేదు. రెండింటికీ కారణం నేనే.

చలికాలంలో పక్షవాతం వచ్చి డ్రోలిన్‌సన్ మామకు మాట పోయింది. చేతులు మాత్రం నిలిచాయి. పొద్దున లేస్తే గిటార్ ఒళ్లో పెట్టుకుని, చెప్పదలచిందంతా దానితోనే చెప్పేవాడు. ఆకలైతే ఒక వాయింపు, కోపమొస్తే ఇంకోటి. మమ్మల్ని పెంచిన మనిషి. నేనేమో కింద కొట్లో షిల్లాంగ్ జనం గిటార్లన్నీ బాగుచేస్తాను. పెచ్చులూడిన ఆయన గిటార్ చూస్తే నాకు తలవంపులనిపించేది. నాలుగు రోజుల్లో ఇస్తానని ఒళ్లోంచి లాక్కొచ్చాను. అదీ జూలై వానల్లో. నా బుద్ధి గడ్డి తింది.

పాత పాలిష్ గీకేసి, ఉత్త చెక్క తేలేదాకా సానబట్టాను. మహాగని చెక్కకు సూదిమొనంత బెజ్జాలుంటాయి. ముందు చెక్క తడి పీల్చకుండా పల్చగా సీలర్ పూసి, చెక్క గీతలకు అడ్డంగా బెజ్జాల్లోకి లప్పం రుద్ది, గోనెగుడ్డతో తుడిచి, అది ఆరాకే మళ్లీ సీలర్ పట్టించాలి. తొందరపడితే లోపలి తడికి పైపొర తెల్లగా ఉబ్బుతుంది. ఐదో రోజుకీ గిటార్ రాకపోయేసరికి మామ అన్నం మానేశాడు. తొమ్మిదో రోజు గోరుతో నొక్కితే గోట్లోకి లప్పం వచ్చింది. తీసుకెళ్లి వంటింట్లో బొగ్గుల పొయ్యి పైన వేలాడదీశాను.

పక్క కొట్టు వడ్రంగి టెర్నెస్ తొంగిచూశాడు. నన్ను అక్కా అన్నట్టు కాంగ్ అంటాడు, నేనతన్ని అన్నా అన్నట్టు బా అంటాను.

"ఏం కాంగ్, ఎండుమాంసం వేలాడే చోట గిటారా? ఉప్పు రాశావా?"

"నీ నోటికి రాస్తా. ఇది ఆరకపోతే మా మామ దక్కడు, బా."

అతను మరి నవ్వలేదు. వెళ్లి బుట్టెడు బొగ్గులు తెచ్చి పొయ్యిలో పోశాడు.

అమ్మ పక్క గదిలోంచి గంజి గిన్నెతో వచ్చింది. నిండుగానే ఉంది.

"ఇవాళ నోరు కూడా తెరవలేదే, ఇబా. ఎప్పుడిస్తావు?"

నాకు ఏడుపొచ్చింది. బొగ్గుల మీద విసనకర్ర విసురుతూ కూర్చున్నాను.

పదకొండో రోజు గోరు దిగలేదు. సానబట్టి, సీలర్ రెండుసార్లు పూసి, తీగలు బిగించాను. పైపాలిష్ సంగతి తర్వాత. చెక్క మీద ఒక్క బెజ్జం లేదు. ఇంత బాగా నేనెప్పుడూ చేయలేదు.

మామ ఒళ్లో పెట్టాను. ఆయన కుడి మోచేయి గిటార్ అంచు మీద అటూ ఇటూ జరిగింది, దేనికోసమో తడుముకుంది. నలభై ఏళ్లు ఆ చెయ్యి రాసుకుని అక్కడ చిన్న పల్లం పడింది. దాన్ని నింపి చదును చేసింది నేనే. చేస్తూ మురిసిపోయాను కూడా.

ఆయన నా వైపు చూశాడు. పెదవులు కదిలాయి.

"ఎవరిది... ఇది?"

అమ్మ గిన్నె కింద పెట్టేసి ఏడ్చింది, మాట వచ్చిందని.

"నీదే మామా. నీ గిటారే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. పరాయివాళ్ల సొత్తు కదా, రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తి నాకందించాడు.

"ఇచ్చేసి రా. పాపం... వెతుక్కుంటుంటారు."