దొంతులకోట దర్వాజా

ఆదివారం పొద్దున అయిదున్నరకు ఫిల్మ్‌నగర్ గుడి కింద ఒక మినీబస్సు ఆగేది. పన్నెండు పదమూడు మంది ఎక్కేవాళ్ళు. వీధి చివర కిళ్ళీ కొట్టుకు కూడా డ్రైవర్‌ని పిలిచి కారులో వెళ్ళే జూబ్లీహిల్స్ మనుషులు, ఆ ఒక్క పూట అడవిలో నడవడానికని ప్రత్యేకంగా బూట్లు కొనుక్కుని వచ్చేవాళ్ళు. వాళ్ళను నడిపించేది భిక్షం. కృష్ణానగర్‌లో ఒక గదిలో ఉంటాడు, సినిమా సెట్లు కట్టే వడ్రంగి. ఇరవై అయిదేళ్ళుగా చెక్కతో, థర్మోకోల్‌తో, ప్లాస్టర్‌తో రాజమహళ్ళు కట్టి, షూటింగ్ అయిపోగానే తన చేత్తోనే కూలగొట్టే మనిషి.

బస్సు గంటన్నర వెళ్ళి భిక్షం పుట్టిన ఊరి బయట ఆగేది. అక్కడినుంచి నాలుగు కిలోమీటర్లు నడక. ముందు మోదుగు చెట్లు, తర్వాత సీతాఫలం తుప్పలు, ఒకదాని వెనక ఒకటి రెండు కుంటలు. రెండో కుంట గట్టెక్కితే దొంతులకోట. కోటంటే పెద్దగా ఏమీ లేదు, నడుమెత్తు గోడలూ, తామరపువ్వు చెక్కిన ఒక నల్లరాతి దర్వాజా. ఆ దర్వాజా కింద ఏం మాట్లాడినా వారం తిరిగాక, సరిగ్గా అదే వేళకు, అవే గొంతుల్లో మళ్ళీ వినిపిస్తుంది.

ఊళ్ళోవాళ్ళకు అది మామూలే. మేకలు కాసేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కబుర్లు అక్కడ చెప్పిపెట్టుకునేవాళ్ళు. నడకవాళ్ళకూ అలవాటైపోయింది. రిటైరయిన వకీలు అచ్యుతరామయ్య గారు ప్రతివారం అక్కడ నిలబడి తన మోకాళ్ళ నొప్పి ఎలా ఉందో చెప్పేవారు, కిందటి వారం నొప్పి విని, ఈ వారం నొప్పితో పోల్చి చూసుకునేవారు. ఒక జంట ఏదో చిన్న విషయానికి అక్కడ దెబ్బలాడుకుని, వారం తర్వాత అందరి మధ్యా తమ గొంతులు తామే విని, ఆ పైన దర్వాజాకు ఇవతలే దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు.

ఇంత ప్రశాంతమైన చోటుకి రఘునందన్‌ని తీసుకెళ్ళడం భిక్షం చేసిన మొదటి తప్పు. రెండో తప్పు తర్వాత చెప్తాను, అది ఇంకా పెద్దది.

రఘునందన్ నిర్మాత. అచ్యుతరామయ్య గారి పక్కిల్లే. ఒక ఆదివారం నడకకు వచ్చాడు, కుంటల దగ్గర ఫొటోలు దిగాడు, కోట చూసి, "ఇన్నాళ్ళూ దీన్ని దాచిపెట్టుకున్నావేంటి భిక్షం?" అన్నాడు. నెల తిరక్కుండా యూనిట్ దిగింది. హీరో గుర్రం మీద దర్వాజాలోంచి రావాలి. తీరా చూస్తే దర్వాజా పొట్టిది, హీరో తలకు తగులుతుంది. అందుకని దానికి ఎదురుగా, అదే రంగు, అదే తామరపువ్వు, అదే బీటలతో, నాలుగడుగులు ఎత్తెక్కువగా ఇంకో దర్వాజా కట్టమన్నారు. భిక్షం కట్టాడు. తొమ్మిది రోజులు రాతి గరుకు కోసం ప్లాస్టర్ మీద గోనెపట్ట అద్దుతూ కూర్చున్నాడు. పూర్తయ్యాక మేకలు రెండిటి మధ్యా నిలబడి ఎటు పోవాలో తేల్చుకోలేకపోయాయి. ఆ రోజు భిక్షం గర్వపడ్డాడు. పడనీయండి, పాపం, అదొక్కటే మిగిలింది అతనికి.

షూటింగ్‌లో అసలు దర్వాజా తన పని తాను చేసుకుపోయింది. హీరో శత్రువును నరుకుతుంటే కిందటి వారం టిఫిన్‌లో ఉప్మా బాలేదన్న మాటలు వినిపించేవి. ఎవరూ పట్టించుకోలేదు. మన సినిమావాళ్ళకు ఒక ధీమా ఉంది కదా, లొకేషన్లో ఏం మాట్లాడినా పోయేదేం లేదు, డబ్బింగ్‌లో చూసుకుందాం అని. హీరోయిన్ డైలాగుకు బదులు ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టినా డబ్బింగ్‌లో చూసుకుందాం. తిట్టినా, కొట్టినా, ఒకడి బతుకు కాలరాసినా డబ్బింగ్‌లో చూసుకుందాం. ఆ ఒక్క మాట మీద నడుస్తోంది ఆ లోకమంతా.

షూటింగ్ చివరి రోజు బుధవారం. బుధవారం ఉదయం ఎనిమిదీ పది రఘునందన్‌కి కలిసొచ్చే ఘడియ అని ఎవరో సిద్ధాంతి చెప్పాడు. ఏ పని మొదలుపెట్టినా ఆయన ఆ నిమిషం కోసం గడియారం చూసుకుంటాడు. ఆ రోజూ చూసుకుని, అసలు దర్వాజా కింద కాఫీ తాగుతూ భిక్షాన్ని పిలిచి రెండు దర్వాజాలూ కూలగొట్టెయ్యమన్నాడు.

"ఇది అసలుది సార్," అన్నాడు భిక్షం.

"ఏది సెట్టో ఏది కాదో నేను చెప్తాను. కొట్టు."

భిక్షం నిలబడ్డాడు. తన ఊరు, తన కోట. చిన్నప్పుడు ఆ రాళ్ళకే వీపు ఆనించి జ్వరం పోగొట్టుకున్నాడు. కానీ ఇరవై అయిదేళ్ళ అలవాటు నోట్లో కూర్చుని ఉంది. ఈ పనిలో ఒక్కసారి కాదంటే మళ్ళీ ఫోన్ మోగదు. అతని నోరు "సరే సార్" అంది. గునపాలు తేవడానికి వెళ్ళాడు, ఆరుగురు పనివాళ్ళతో వచ్చి సాయంత్రానికి కూల్చేశాడు. ఇందాక చెప్తానన్న రెండో తప్పు ఇదే. దీనికి నేను భిక్షాన్ని క్షమించను, భిక్షం కూడా క్షమించుకోలేదు.

శుక్రవారానికి ఊరు భగ్గుమంది. పురాతన కట్టడాలు చూసే ఆఫీసు నుంచి మనుషులొచ్చారు. రఘునందన్ మొహం వేలాడేసుకుని కెమెరాల ముందుకొచ్చి, "మా సెట్ పనివాడు అసలు కోటను సెట్ అనుకుని పొరపాటున కూల్చేశాడు. నాకు నిద్ర పట్టట్లేదు," అన్నాడు. తొమ్మిది రోజులు గోనెపట్ట అద్ది కట్టినవాడికి తను కట్టిందేదో కట్టనిదేదో తెలియదట. ఆ మాట ఎంతమంది నమ్మారో చూస్తే ఒళ్ళు మండిపోతుంది. యూనియన్ భిక్షం సినిమాల్లో పనిచేసుకునే కార్డు ఆపేసింది. గురువారం పొద్దున స్టేషన్‌కి రమ్మని పోలీసులు కబురు పెట్టారు, అరెస్టు తప్పదని కానిస్టేబులే చెప్పిపోయాడు. అవన్నీ ఒక ఎత్తు, ఊరినుంచి వాళ్ళమ్మ చేసిన ఫోన్ ఒక ఎత్తు.

"నువ్వే కొట్టినవా బిడ్డా?"

"కొట్టిన అమ్మా. గాని..."

"గట్లయితే ఇగ ఈ ఊరికి రాకు," అని ఆమె పెట్టేసింది.

ఆదివారం మినీబస్సు కదల్లేదు. నడకవాళ్ళలో ఇద్దరే కృష్ణానగర్‌లో భిక్షం గదికి వచ్చారు. ఒకరు అచ్యుతరామయ్య గారు. ఇంకొకరు మనోజ, ఇరవై ఏళ్ళుగా హీరోయిన్లకు గొంతిచ్చే డబ్బింగ్ ఆర్టిస్టు. మంచి కోపిష్టి.

"ఆయన ఏం చెప్పాడో దర్వాజా కింద చెప్పాడుగా," అంది మనోజ. "బుధవారం ఎనిమిదీ పదికి వెళ్ళి అందరికీ వినిపిద్దాం."

"దర్వాజా యాడుంది అక్కా? నేనే కూలగొట్టిన గదా. రాళ్ళు గూడ లేవు. లారీల ఏస్కపోయిండ్రు."

"ఆ లారీ ఎక్కడికి పోయిందో నేను చూశాను," అన్నారు అచ్యుతరామయ్య గారు. "గురువారం పొద్దున మా మేడ మీంచి చూస్తుంటే రఘునందన్ తోటలో రాళ్ళు దింపుతున్నారు. ఫౌంటెన్ చుట్టూ పేర్చాడు. తామరపువ్వు రాయి అన్నిటికన్నా పైన పెట్టాడు, బాగా కనపడాలని."

భిక్షం పిడికిలి బిగించి మంచం కోడు మీద గుద్దాడు. అతని కోపం పైకి రావడం ఆ గది అదే మొదటిసారి చూసింది.

"గాని విడిపోయిన రాళ్ళు పలుకుతయా?" అన్నాడు.

"నా గొంతు ఇరవై ఏళ్ళుగా నా మొహం లేకుండానే ఊళ్ళు తిరుగుతోంది," అంది మనోజ. "మాటకి మొహం అక్కర్లేదు, దర్వాజా కూడా అక్కర్లేదేమో. పలక్కపోతే అప్పుడు నేను పలుకుతాను, నా నోరు నీకు తెలుసుగా."

"పలికితే నా 'సరే సార్' గూడ అందరు ఇంటరు."

"విననీ," అన్నారు అచ్యుతరామయ్య గారు. "అన్నావుగా మరి."

బుధవారం ఎనిమిదీ పదికి రఘునందన్ కొత్త సినిమా ముహూర్తం. ఆయన ఘడియ ఆయన వదులుకుంటాడా? తోటలోనే, కొత్త ఫౌంటెన్ ముందు, దేవుడి పటాల మీద మొదటి షాట్. పక్కింటాయన కాబట్టి అచ్యుతరామయ్య గారికి పిలుపొచ్చింది. ఆయన వస్తూ వస్తూ కోట కేసు చూస్తున్న ఆఫీసర్ని, "ఒక పూజ ఉంది, ప్రసాదం తీసుకుని వెళ్దురుగాని రండి," అని వెంటబెట్టుకొచ్చారు. మనోజ వచ్చింది. ఆమె వెనక, ఉతికిన తెల్లచొక్కాతో భిక్షం. గేటు దగ్గర ఆపబోతే "మా ఇంటి మనిషి," అన్నారు అచ్యుతరామయ్య గారు.

అరడజను టీవీ కెమెరాలు. అన్నిటి మైకులూ తెరిచే ఉన్నాయి. హీరో చేతులు జోడించి నిలబడ్డాడు. క్లాప్ కొట్టారు. కొబ్బరికాయ పగిలింది. అందరూ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తారు.

ఎనిమిదీ పది అయింది.

ఫౌంటెన్ రాళ్ళలోంచి కాఫీ గుటక వేసిన చప్పుడు వచ్చింది. ఆ వెంటనే రఘునందన్ గొంతు.

"భిక్షం, ఈ రెండూ కొట్టెయ్."

"ఇది అసలుది సార్."

"ఏది సెట్టో ఏది కాదో నేను చెప్తాను. కొట్టు."

తర్వాత చిన్నగా, "సరే సార్."

తోటలో భిక్షం తల వంచుకున్నాడు. రాళ్ళు అక్కడితో ఆగలేదు. అతను గునపాలకు వెళ్ళాక అక్కడ నడిచిన మాటలు అతనూ ఇప్పుడే వింటున్నాడు.

"ఆ తామరపువ్వు రాయి జాగ్రత్తగా దింపించు మేనేజరూ. మిగతావి కూడా లారీలో వేసి ఇంటికి పంపు, ఫౌంటెన్‌కి బావుంటాయి."

"ఎవరైనా అడిగితే సార్?"

"భిక్షంగాడు సెట్ అనుకుని కొట్టేశాడని చెప్దాం. వాడు నోరెత్తడు. వాడి నోటికి వచ్చింది ఒకటే మాట."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఫౌంటెన్ చుట్టూ తిరిగి ఆగింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ యూనిట్‌లో అందరూ కోట దగ్గర పన్నెండు రోజులు తిన్నవాళ్ళే, వారం క్రితం ఉప్మా ముచ్చట్లు విన్నవాళ్ళే. టీవీవాళ్ళు మాత్రం కెమెరాలు హీరో మీంచి తిప్పి రాళ్ళ మీద పెట్టారు. రఘునందన్ చెయ్యూపుతూ, "ఆపండి, ఆడియో కట్ చెయ్యండి," అన్నాడు.

"ఎలా కట్ చేస్తారండీ?" అంది మనోజ. "దీనికి డబ్బింగ్ లేదు."

ఆఫీసరు ప్రసాదం ఆకు పక్కన పెట్టి, లేచి తామరపువ్వు రాయి మీద చెయ్యి వేసి చూశాడు. జేబులోంచి కాగితం తీసి అందులో ఫొటోతో పోల్చాడు. తర్వాత ఫోన్ తీసుకుని ఒక మూలకు వెళ్ళాడు. రఘునందన్ భిక్షం దగ్గరకు వచ్చి, ఆ గొంతులో ఎన్నడూ లేనంత మెత్తగా అన్నాడు:

"భిక్షం, ఇది తప్పుగా అర్థమవుతోంది. నువ్వు చెప్పు వీళ్ళకి. నేనలా అన్లేదని చెప్పు. రేపట్నుంచి నా సినిమాలన్నీ నీవే."

భిక్షం నోరు తెరుచుకుంది. పాత మాట నాలుక చివరకు వచ్చి కూర్చుంది, చుట్టూ ఉన్నవాళ్ళందరికీ అది కనిపించింది. అతను రఘునందన్‌ని పక్కకు నెట్టాడు, నిజంగానే, భుజం పట్టి నెట్టాడు. ఫౌంటెన్ దగ్గరకు నడిచి, చెప్పులు విడిచి, తామరపువ్వు రాయి మీదకు వంగాడు. వారం కిందట అక్కడ నిలబడి కాదంటూ అనాల్సిన మాట ఇప్పుడు అన్నాడు. గట్టిగా కూడా కాదు.

"కొట్ట."

మర్నాడు గురువారం పోలీస్ స్టేషన్‌కి భిక్షం బదులు రఘునందనూ మేనేజరూ వెళ్ళాల్సి వచ్చింది. భిక్షం కూల్చిన పాపం భిక్షం మీద ఉండనే ఉంది, దానికి ఆఫీసరు తగిన శిక్షే వేశాడు. రాళ్ళన్నీ ఊరికి చేర్చి, పాత ఫొటోలు చూసి, ఒక్కొక్కటే ఎక్కడిది అక్కడ నిలబెట్టాలి. శుక్రవారం లారీ ముందు సీట్లో కూర్చుని భిక్షం ఊళ్ళో దిగాడు. పలకరించిన మనిషి లేడు. వాళ్ళమ్మ గుమ్మంలోకి కూడా రాలేదు. అతను కోట దగ్గరే గుడ్డ పరుచుకుని పడుకుని, పొద్దున్నే లేచి పని మొదలుపెట్టాడు.

బుధవారానికి దర్వాజా మోకాలెత్తు లేచింది. పొద్దున ఎనిమిది దాటాక, మేకలు తోలుకుపోతున్నవాళ్ళు అలవాటు కొద్దీ అక్కడ ఆగారు. వాళ్ళ వెనక, ఇంకా కోపంగానే, చేతులు కట్టుకుని భిక్షం వాళ్ళమ్మ నిలబడి ఉంది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు.

ఇంకా పైకెక్కని తామరపువ్వు రాయి, కింద గడ్డిలోంచే, కొడుకు గొంతుతో ఆమెకు ఆ ఒక్క మాటా చెప్పింది.

"కొట్ట."

ఆమె విన్నది. కాసేపు ఆ రాయిని, కాసేపు కొడుకును చూసింది.

"వారం ముందుగాల అనరాకపాయెనారా?" అని, చెంగు నడుముకు దోపి, రాయికి అటువైపు చెయ్యి వేసింది. "పట్టు. ఎత్తు."