కుడిపక్క గుండె

నా బిడ్డకు టీబీ అని ఖాయం చేసి, దాన్ని నా దగ్గర నుంచి తీసుకుపోతారేమో. అప్పట్లో నా భయమంతా అదొక్కటే.

స్వరూపకు నాలుగేళ్లు. పుట్టిన మూడో రోజు నుంచే ముక్కు కారడం, దగ్గు. నడి ఎండాకాలంలోనూ తగ్గేది కాదు. మా ఆయన రాజం శ్రీరాంపూర్ బొగ్గుబావిలో పని చేస్తాడు కాబట్టి, క్వార్టర్లలో అందరూ బొగ్గుదుమ్మే కారణమన్నారు. తర్వాత ఒక డాక్టర్ ఎక్స్‌రే ప్లేటు చూసి టీబీ అన్నాడు. మూడుసార్లు పరీక్ష చేసినా తెమడలో పురుగు దొరకలేదు. అయినా సూదులు మొదలయ్యాయి.

మా అత్త రామవ్వ నాకు సొంత మేనత్తే. చెడ్డ మనిషి కాదు. కానీ చంటివాడు పుట్టాక స్వరూప కంచం, గ్లాసు వేరే పెట్టింది. తమ్ముణ్ణి తాకనివ్వలేదు. వాడికి ఐదో నెల రాగానే తేల్చి చెప్పింది.

"పిల్లను ఆదిలాబాద్ తోలు, మీ అవ్వ దగ్గరికి. సూదులైపోయేదాకా ఆడనే ఉండనీ. గీ పిలగానికి అంటుకుంటే ఏం జేస్తవ్?"

"ఏడాది దాకనా అత్తా? నేనుండలేను."

"నువ్వుండుడు గాదే, వాడుండాలె."

ఒక్కసారి కరీంనగర్‌లో చూపించి పంపుతానని బతిమాలాను. సరేనని చంటివాణ్ణి ఎత్తుకొని తనూ బయలుదేరింది. నేను పిల్లతో అటునుంచి అటే ఎక్కడికో పోతానని ఆమె అనుమానం.

పిల్లల డాక్టర్ జానకీబాయి గదిలో, కవర్లోంచి ప్లేటు తీసి నేనే కిటికీ వెలుగుకు పట్టాను. బావిలో పని చేసేవాళ్లకు ఛాతీ ప్లేట్లు తీస్తూనే ఉంటారు, అందుకని వాటిని చూడటం మా క్వార్టర్లలో ఆడవాళ్లకు కూడా అలవాటే. గుండె నీడ ఏ వైపు రావాలో మా ఆయన తన ప్లేటు పట్టి నాకు నేర్పాడు. స్వరూప ప్లేటులో అది రెండోవైపు కనపడేది. నేనే తప్పు పట్టుకున్నాననుకొని, తిప్పి సరిచేసి, ప్రతి డాక్టరుకూ అలాగే అందించేదాన్ని. ఆరో తరగతితో బడి మానినదాన్ని, నాకింకేం తోస్తుంది?

డాక్టరమ్మ స్వరూప ఎడమ రొమ్ము మీద గొట్టం పెట్టింది. మొహం చిట్లించింది. గొట్టం కుడివైపుకు జరిపింది.

"నీ బిడ్డ గుండె ఏడ పెట్టినవమ్మా?"

ఆమె నా చెయ్యి పట్టుకొని బిడ్డ కుడిపక్కన ఆనించింది. దడ్ దడ్‌మని తగిలింది.

"ఇగో, ఇక్కడున్నది. మంచిగ కొట్టుకుంటున్నది. ప్లేటు ఎవరు తిప్పిన్రు?"

"నేనే," అన్నాను.

అత్త ముందుకొచ్చింది. "అవ్వో! గుండె అటెందుకు వోయింది డాక్టరమ్మా? దీని బాపు సుత గంతే, డ్యూటీకని పోయి దోస్తుల ఇంట్ల తేల్తడు."

డాక్టరమ్మ నవ్వింది. తర్వాత నాకు అర్థమయ్యేలా చెప్పింది. మన ముక్కులో, ఊపిరితిత్తుల గొట్టాల్లో కంటికి కనపడని వెంట్రుకలుంటాయట. అవి ఎప్పుడూ ఊగుతూ దుమ్మును, తెమడను బయటికి ఊడుస్తాయట. "నీ బిడ్డకు అవి ఊడ్వవు. అందుకే తెమడ నిలుస్తది, దగ్గు వస్తది. కడుపుల ఉన్నప్పుడు గుండెకు దిక్కు చూపేది కూడ అసొంటి వెంట్రుకలే కావచ్చని అంటున్నరు. ఇది టీబీ కాదు. సూదులు ఆపుదాం."

"అంటుకుంటదా?" అత్త అడిగింది.

"అంటదు. పుట్టుకతో వచ్చింది."

"పోతదా మరి?"

"పోదు. గాని దీనితోని బతుకుతది, బడికి పోతది."

బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, అరచెయ్యి దోసిలిలా వంచి వీపు మీద తట్టడం నేర్పింది. తెమడ కదిలి బయటికి రావాలట. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నది.

"మేనరికమా?" అడిగింది.

"అవునమ్మా."

"తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి కలిసొస్తేనే ఇది పిల్లకు దిగుతది. మీ ఇంట్ల ఇంకెవరికన్న ఇట్లున్నదా?"

నేనూ అత్తా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అత్త పెద్దకొడుకుకు ఇచ్చింది మా అక్క లస్మవ్వనే. వాళ్ల కొడుకు అంజన్నకు ఏడేళ్లు. పుట్టినప్పటి నుంచి దగ్గు, చెవుల్లో చీము.

"తీసుకురమ్మను. వాని గుండె ఎడమకే ఉన్నా సరే, ఈ జబ్బు ఉండొచ్చు."

బయట బెంచీ మీద అత్త స్వరూపను కూర్చోబెట్టి, చంటివాణ్ణి దాని ఒళ్లో పెట్టింది. "మెల్లగ పట్టుకో బిడ్డా. నీ తమ్ముడే." అది ఊపిరి బిగబట్టి వాణ్ణి చూసింది. తర్వాత ఇంత పెద్దగా దగ్గింది. అత్త వాణ్ణి లాక్కోలేదు.

ఇప్పుడు పొద్దున, సాయంత్రం వీపు తడుతున్నాను. తడుతుంటే స్వరూప "ఆ" అని రాగం తీస్తుంది. గొంతు వణికితే దానికి నవ్వు.

అక్కకు రెండు ఉత్తరాలు రాశాను, జవాబు రాలేదు. బావ మస్కట్‌లో ఉన్నాడు. అంజన్నకు కూడా టీబీ సూదులు మొదలుపెట్టారని ఎవరో చెప్పారు. ఈ ఇద్దరు పిల్లల్ని వదిలి నేను కదలలేను. అత్తకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, మా ఆయనకు బావిలో సెలవు దొరకదు. మీలో ఎవరైనా సుల్తానాబాద్ మీదుగా పోతే, జర బస్సు దిగి, రైస్ మిల్లు వెనక గల్లీలో లస్మవ్వ ఇల్లెక్కడని అడగండి. అంజన్న ఎట్లున్నాడో చూడండి. వాణ్ణి కరీంనగర్ తీసుకుపొమ్మని అక్కకు నా మాటగా చెప్పండి.