మొదలగు సమస్త బలహీనతలు

బాన్సువాడ బస్టాండు వెనుక వీధిలోని ప్రార్థన మందిరంలో ముగింపు ప్రార్థన చేసే బాధ్యత విశ్రాంత తెలుగు పండితుడు బసవపున్నయ్యది. ఆయన తండ్రి గుంటూరు వైపు నుంచి వచ్చి బీర్కూరు కాలువ కింద పొలం కొన్నవాడు. ఆ కుటుంబం సిలువను స్వీకరించింది గాని, పేరులోని బసవన్నను మాత్రం వదులుకోలేదు.

ఆయన ముగింపు ప్రార్థన ఒక పట్టాన ముగిసేది కాదు. దేవుని సంబోధించడానికే నాలుగు నిమిషాలు పట్టేది. ఆపైన సృష్టిక్రమం, పిమ్మట నిజాంసాగర్ నీటిమట్టం, ఆ తరువాతనే పాపపు ఒప్పుకోలు వచ్చేవి. ఒప్పుకోలు ఒక్కటే మిక్కిలి క్లుప్తంగా ఉండేది: "అహంకారము, అసూయ మొదలగు మా సమస్త బలహీనతలను క్షమించుము." ఆ 'మొదలగు' అన్న మాటలో ఏమేమి ఇమిడి ఉన్నాయని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. ప్రార్థన అక్కడికి చేరేసరికి సగం మంది కునుకులో ఉండేవారు.

ఆయన పక్క వరుసలో కూర్చునే లచ్చవ్వ బీడీలు చుట్టి బతికే వృద్ధురాలు. ఆమె ప్రార్థన వేరు తీరులో ఉండేది. "ప్రభువా, మా కోడలు బుజ్జి మీద నాకు కోపమున్నది. అది తీసెయ్యి. ఇయ్యాల్నే తియ్యకు, దాన్ని ఇంకో మాట అనేదున్నది. రేపు తియ్యి." ఇంత మొరటు భాషలో దైవాన్ని పలకరించడం బసవపున్నయ్యకు కష్టంగా తోచేది.

ఆయనకు జీవితంలో ఒకే ఒక్క కోరిక మిగిలి ఉంది. శుభ శుక్రవారం నాడు సిలువ మీద పలికిన ఏడు మాటలపై ఏడుగురు ప్రసంగిస్తారు. వాటిలో ఐదవది, దప్పికను గురించినది, తనకు రావాలి. ఆ ఒక్క మాటపై మూడు నోటుపుస్తకాలు నింపి పెట్టుకున్నాడు. పాస్టరు మోతీరాం పదకొండేళ్ళుగా ఆయన్ని ఒక్కసారైనా వేదిక ఎక్కించలేదు.

నస్రుల్లాబాద్ దగ్గరి తండాలో పుట్టిన మోతీరాం మితభాషి. ఈ ఏడాది, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల మొదటి సాయంత్రమే ఒక నియమం ప్రకటించాడు.

"ఏడు మాటలు చెప్పేటోళ్ళు నలభై దినాలు ఒక్కపొద్దుండాలె. ప్రార్థనయినంక ఇంటికి పోయి ఒక్క పూటే తినాలె. నీసు ముట్టొద్దు. నాలుగో శుక్రవారం నాడు పేర్లు చెప్త."

బసవపున్నయ్య అందరికంటే ముందు చెయ్యెత్తాడు. అందరికంటే చివర లచ్చవ్వ ఎత్తింది.

ఈ ఏడాది రంజాను కూడా అదే వారంలో వచ్చింది. మందిరానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకు అవతల, జహంగీర్ హలీం భట్టీ వెలిసింది. మట్టితో కట్టిన పొయ్యి మీద పెద్ద హండా, అందులో మనిషి ఎత్తు చెక్క గరిటతో రుబ్బుతున్న ఇద్దరు మనుషులు, నెయ్యిలో వేగిన ఉల్లిపాయల వాసన. ఆ వాసన కిటికీలోంచి వచ్చి ముందుగా రెండవ వరుసలో ఆగేది. రెండవ వరుసలో బసవపున్నయ్య ఉండేవాడు.

రెండవ వారం చివర ఒక సాయంత్రం ఆయన పెదవులెండిపోయి, దుమ్ముకు తలచుట్టూ చేతిరుమాలు కట్టుకుని మందిరం మెట్లు దిగాడు. భట్టీ పక్కనుంచి నడవడం ఒక్కటే ఇంటికి దారి కాదు. అయినా ఆనాడు అటే నడిచాడు. అప్పుడే మసీదు నుంచి అజాన్ వినిపించింది.

"పంతులు సార్, ఒక్కపొద్దున్నరా?" అన్నాడు జహంగీర్.

"ఉన్నాను భాయి," అన్నాడు ఆయన. అది అక్షరాలా నిజం.

"మొకం జూస్తేనే ఎరుకైతుంది. ఇగ కూసోండ్రి." జహంగీర్ ఆయన్ని భట్టీ వెనుక, రోడ్డుకు కనబడని బల్ల దగ్గర కూర్చోబెట్టి, చేతిలో ఒక ఖర్జూరం, ముందర ఒక గిన్నె పెట్టాడు. "పైసలు మాట్లాడకుర్రి. ఒక్కపొద్దు ఇడిసే మనిషికి పెడితే నాకు సవాబు, పున్యమొస్తది."

బసవపున్నయ్య గిన్నెలోకి చూశాడు. వ్యాకరణం ఆయనను ఆదుకుంది. గిన్నెలో మాంసమనదగిన వస్తువేదీ విడిగా కనబడదు. మాంసానికీ గోధుమకూ సంధి జరిగింది. సంధిలో పూర్వస్వరానికి లోపం రావచ్చు. పైగా తాను అడగలేదు, కొనలేదు. ప్రేమతో పెట్టినదాన్ని తోసిపుచ్చడం అహంకారమవుతుంది; అహంకారం తన ఒప్పుకోలులో మొట్టమొదటి అంశం. ఈ ఉపపత్తి పూర్తయ్యేసరికి గిన్నె ఖాళీ అయింది.

మరునాడు కూడా అజాన్ వినిపించింది. ఆ మరునాడు కూడా.

ఇంట్లో భార్య రాధాకుమారి కంగారుపడింది. "ఏవండీ, సొరకాయ పులుసు ముట్టనే లేదు. ఒంట్లో బాగోలేదా?"

"ఆత్మ నిండినప్పుడు దేహం అడగదు, రాధా."

ఆవిడ ఈ మాటను కళ్ళనీళ్ళతో నలుగురికీ చెప్పింది.

అయితే అసలు మార్పు ప్రార్థనలో వచ్చింది. హలీం చల్లారితే పైన నెయ్యి పేరుకుంటుంది. అజాన్ వేళకు మెట్లు దిగాలంటే ముగింపు ప్రార్థనను కుదించక తప్పదు. మొదట సృష్టిక్రమం పోయింది. మూడు రోజుల తరువాత నిజాంసాగర్ పోయింది. మూడవ వారం చివరికి సగం సంబోధన, 'మొదలగు', ఆమెన్ మాత్రమే మిగిలాయి. సంఘం మొత్తం విస్మయం చెందింది.

"సారు నోటికి దేవుడు కళ్ళెమేసిండు," అంది లచ్చవ్వ తృప్తిగా. "గిప్పుడు నాకు బస్సు దొరుకుతుంది."

నాలుగవ శుక్రవారం మోతీరాం పేర్లు చదివాడు. ఐదవ మాట దగ్గర కాగితం దించి, నవ్వాడు.

"బసవపున్నయ్య సార్. పదకొండేండ్లు ఎందుకియ్యలేదంటే, సార్ మాట్లాడితే ఈస్టరు దాక దిగడని నా ఫికరు. గీ ఒక్కపొద్దుతోని సార్ మారిండు. మూడు నిమిషాలల్ల ప్రార్థన అయిపోతుంది. మంగళారం సార్ సాక్ష్యం చెప్తడు, తిండి మీది శోధన ఎట్ల జయించిండో. మనకు గూడ అక్కరకొస్తది."

రాధాకుమారి కొంగుతో కళ్ళద్దుకుంది.

ఆ నాలుగు రోజులు బసవపున్నయ్య సాక్ష్యం రాయడానికి కూర్చున్నాడు. 'శోధన అనగా' అని మొదలుపెట్టి, వ్యుత్పత్తి రాసి, దానికి నాలుగు అర్థాలు చూపించాడు. ఐదవ వాక్యంలో తన సంగతి రావలసి ఉంది. రాలేదు. కాగితం మార్చి మళ్ళీ వ్యుత్పత్తితో మొదలుపెట్టాడు. నిజం చెబితే ఐదవ మాట పోతుంది. చెప్పకపోతే, హలీం తింటూ దప్పికను గురించి బోధించినవాడవుతాడు. సోమవారం సాయంత్రం భట్టీ దగ్గర ఈ విషయమే దీర్ఘంగా ఆలోచించాడు. రెండవ గిన్నె కూడా పట్టింది.

మంగళవారం మందిరం నిండింది. ఆయన లేచి, మడిచిన కాగితం విప్పి, అద్దాలు సవరించుకున్నాడు. "సహోదరీ సహోదరులారా, శోధన అను పదమునకు..." అని ఆగిపోయాడు. మూసిన కిటికీ సందుల్లోంచి కూడా నెయ్యి వాసన వచ్చింది. దవడల కింద నీరూరడం ఆయనకు తెలిసింది.

"సాక్ష్యం కాదండీ. నేను ప్రార్థన చేస్తాను," అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. "ప్రభువా, నేను హలీం తిన్నాను. పన్నెండు రోజులు తిన్నాను. నిన్న రెండు గిన్నెలు. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇప్పుడు కూడా తినాలని ఉంది. నా ప్రార్థన పొట్టిదైంది అందుకే. ఆమెన్."

వెనుక వరుసల్లో కునుకుతున్నవాళ్ళు కళ్ళు తెరిచారు.

"సారూ," అంది లచ్చవ్వ, "గీ ఒక్కటే నాకు మొత్తం సమజైంది."

రాధాకుమారి నెమ్మదిగా అడిగింది. "ఆత్మ నిండిందన్నారు కదండీ?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మోతీరాం లేచి, బల్లపై ఉన్న పేర్ల కాగితం తీసుకుని, ఐదవ పేరు మీద గీత గీశాడు. ఆ పక్కన లచ్చవ్వ పేరు రాశాడు. తరువాత కిటికీ వైపు చూసి గొంతు సవరించుకున్నాడు.

"సార్ గంత చెప్పినంక నేను ఊకుంటే మంచిగుండదు. మొన్నటి సంది గీ కిటికీ దోమలకని మూస్తున్న గదా. దోమలకు గాదు."

బసవపున్నయ్య మెట్లు దిగాడు. పదకొండేళ్ళ కోరిక పోయింది. మూడు నోటుపుస్తకాలు ఇక ఎవరికీ పనికిరావు. ఇంకా కష్టమైనది ఒకటి మిగిలి ఉంది. దేవునికి ముందే తెలుసు. జహంగీర్‌కు తెలియదు.

గిన్నె అప్పటికే బల్ల మీద ఉంది. ఆయన కూర్చోలేదు.

"భాయి, మా ఒక్కపొద్దులో మాంసం తినకూడదు. నేను నీకు చెప్పలేదు."

జహంగీర్ చేతిలోని గరిట ఆగింది. "అంటే గిన్ని దినాలు నేనే మీ ఒక్కపొద్దు ఖరాబ్ చేసిన్నా?"

"నువ్వు కాదు. నేను."

"పెట్టింది నేనే గద సార్. సవాబు వస్తదనుకొని పెడుతున్న. గిదేం పని జేసిన్రు. ఒక్క మాట ముందుగాల్నే చెప్తే నోరేమన్న అరుగుతుండెనా?" అతడి ముఖంలో నిజమైన బాధ ఉంది. అది చూసి బసవపున్నయ్యకు, మందిరంలో రాని సిగ్గు, ఇక్కడ వచ్చింది.

"తప్పు చేశాను, క్షమించు," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆ క్రియకు ముందు విశేషణం పెట్టలేదు.

జహంగీర్ గిన్నె వెనక్కి తీసుకున్నాడు. ఆలోచించి మూడు ఖర్జూరాలు పెట్టాడు. "గివి నడుస్తయా?"

"నడుస్తాయి." ఆయన వాటిని నిలబడే తిన్నాడు. తింటున్నంతసేపూ చూపు హండా వైపే ఉంది. అబద్ధం చెప్పి ప్రయోజనం లేదని నిశ్చయించుకుని అన్నాడు: "భాయి, నాకొక సహాయం చెయ్యి. రేపు నేనొస్తే పెట్టకు."

"అడుగుతే?"

"అడిగినా పెట్టకు."

"బతిలాడితే?"

బసవపున్నయ్య ఖర్జూరపు గింజలు రుమాల్లో చుట్టుకున్నాడు. "బతిమాలడం నాకు అలవాటు లేదు గానీ, భాష బాగా వచ్చు. నమ్మకు."

మరునాటి సాయంత్రం ముగింపు ప్రార్థన నాలుగు వాక్యాల్లో పూర్తయింది. బసవపున్నయ్య తల వంచుకుని మెట్లు దిగాడు. ఆయన పాదం ఇంకా రోడ్డు మీద పడనే లేదు. అవతల భట్టీ దగ్గర, గిన్నెలతో నిలబడ్డ పాతిక మంది మధ్యనుంచి జహంగీర్ మనిషి ఎత్తు చెక్క గరిటను పైకెత్తి, పోలీసులు లారీలను మళ్ళించినట్టు ఎడమవైపుకు చూపించాడు.

"పంతులు సార్, ఇటు దిక్కు చూడకుర్రి. గా సందుల నుంచి పోండ్రి. ఇయ్యాల నెయ్యి జర ఎక్కువేసిన."

పాతిక మందీ తిరిగి చూశారు. బసవపున్నయ్య వాళ్ళందరికీ వినయంగా నమస్కరించి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, ఎడమవైపు సందులోకి తిరిగాడు. ఇంటికి ఆ దారిన పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. సగం దూరం వెళ్ళాక ఆగి, వెనక్కి ఒకసారి చూసి, ప్రభువుకు ఆ సంగతి కూడా చెప్పి, సొరకాయ పులుసు వైపు నడిచాడు.